లింకు మీద ఏ మాట ఉండాలి?

సొంత వెబ్‌సైటు నడుపుకుంటున్న పాఠకులు ఈసారి ఎక్కువగా అడిగింది యాంకర్ టెక్స్ట్ గురించి. పేజీలో లింకు ఇచ్చినప్పుడు రంగు మారి, కింద గీతతో కనిపించే మాటలే యాంకర్ టెక్స్ట్. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్ముతాం. మా సైట్లో వంటల వ్యాసాలు అరవై దాకా ఉన్నాయి. ప్రతి వ్యాసం చివరా 'కొనాలంటే ఇక్కడ క్లిక్ చేయండి' అని గోంగూర పచ్చడి అమ్మే పేజీకి లింకు ఇచ్చాం. గూగుల్‌లో వ్యాసాలు కనబడుతున్నాయి గానీ అమ్మకం పేజీ కనబడట్లేదు. లోపం లింకుల్లో ఉందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కొంత లోపం అక్కడే ఉంది. అరవై చోట్ల నుంచి ఆ పేజీని మీరు 'ఇక్కడ' అని పిలుస్తున్నారు. సెర్గీ బ్రిన్, లారీ పేజ్ 1998లో గూగుల్ నిర్మాణం గురించి రాసిన పరిశోధన పత్రంలోనే ఈ విషయం ఉంది. లింకు మీది మాటలను ఆ లింకు ఉన్న పేజీకే కాకుండా, అది చూపించే పేజీకి కూడా జమ కడతామని అందులో చెప్పారు. ఒక పేజీ తన గురించి తాను చెప్పుకునే దానికన్నా, బయటి పేజీలు దాన్ని పిలిచే తీరు చాలాసార్లు కచ్చితంగా ఉంటుందన్నది వాళ్ల లెక్క. అప్పటి 2.4 కోట్ల పేజీల్లోంచి 25.9 కోట్ల యాంకర్లను ఏరి ఇండెక్స్ చేశారు, అంటే తమ వెతుకులాట జాబితాలో చేర్చారు. ఆ తర్వాత గూగుల్ ఎంత మారినా ఈ సూత్రాన్ని వదల్లేదు.

తెలుగులో ఈ 'ఇక్కడ' జబ్బు కాస్త ఎక్కువ. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి లింకు కూడా వాక్యం తోకకు చేరి 'క్లిక్ చేయండి' మీద కూర్చుంటుంది. దాన్ని అక్కణ్ణుంచి లేపి, వాక్యంలో వస్తువు పేరు చెప్పే నామవాచకం మీద పెట్టాలి. మీ వాక్యాన్నే తీసుకుందాం. 'కొనాలంటే ఇక్కడ క్లిక్ చేయండి' అనే బదులు 'ప్రయాణాలకు పనికొచ్చేలా అరకిలో గోంగూర పచ్చడి డబ్బాలు కూడా పంపిస్తాం' అని రాసి, 'అరకిలో గోంగూర పచ్చడి డబ్బాలు' అన్నంత వరకే లింకు ఇవ్వండి. రెండు నుంచి ఆరు మాటలు సరిపోతాయి. వాక్యం మొత్తాన్ని లింకు చేస్తే ఏది పేరో ఏది వివరణో తెలియదు. 'పచ్చడి' అని ఒక్క మాటకే ఇస్తే మీ దగ్గరున్న ఆవకాయ, మాగాయ పేజీలకు కూడా అదే పేరవుతుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. మీ సైట్లో గోంగూర పచ్చడి ఎలా చేయాలో చెప్పే వ్యాసం ఒకటి, గోంగూర పచ్చడి అమ్మే పేజీ ఒకటి ఉన్నాయి. రెండింటికీ 'గోంగూర పచ్చడి' అనే లింకు ఇస్తే ఏది ఏ అవసరానికో గూగుల్‌కు మీరే తికమక పెట్టినట్టు. వ్యాసానికి వెళ్లే లింకుల్లో 'తయారీ', 'చేసే విధానం' లాంటి మాట ఉండనివ్వండి. అమ్మకం పేజీకి వెళ్లే లింకుల్లో బరువో, డబ్బానో, ధరో, 'ఆన్‌లైన్‌లో' అన్న మాటో ఉండాలి. ఒక పేరుకు ఒకే పేజీ అని ఎక్సెల్‌లో రెండు నిలువు వరసలు రాసుకుంటే వ్యాసాలు రాసేవాళ్లు మారినా తేడా రాదు.

ఇప్పుడు ఏయే వ్యాసంలో ఏ మాటతో లింకు ఉందో చూడాలంటే సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనం చాలదు. అందులో సొంత సైటు లోపలి లింకుల సంఖ్య కనిపిస్తుంది గానీ వాటి మీది మాటలు కనిపించవు. 'టాప్ లింకింగ్ టెక్స్ట్' అనే జాబితా బయటి సైట్ల లింకులకు మాత్రమే. లోపలివాటికి స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే ప్రోగ్రాం వాడండి. 500 చిరునామాల దాకా ఉచితం, మీకు అది ఎక్కువే. సైటంతా తిరగనిచ్చి, పైన అమ్మకం పేజీని ఎంచుకుని, కింద 'ఇన్‌లింక్స్' ట్యాబ్ తెరిస్తే ఏ పేజీ నుంచి ఏ మాటతో లింకు వచ్చిందో వరసగా వస్తుంది. అరవై వ్యాసాలనూ ఒక్కసారే దిద్దక్కర్లేదు. ఎక్కువమంది చదివే పది వ్యాసాలతో మొదలుపెట్టండి.

ఒక మాట మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. అమ్మకం పేజీలో ఫొటో, ధర, బటన్ తప్ప ఇంకేమీ లేకపోతే ఎన్ని మంచి లింకులిచ్చినా అది పైకి రాదు. ఎండుమిర్చితోనా, పచ్చిమిర్చితోనా, ఏ నూనె, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, ఏయే ఊళ్లకు పంపిస్తారు అన్నవి ఆ పేజీలో అక్షరాల్లో ఉండాలి. ఫొటో మీద అచ్చయిన అక్షరాలను లెక్కలోకి తీసుకోకండి.

ప్రశ్న: ప్యాకర్స్ అండ్ మూవర్స్ వ్యాపారం మాది. ఒక ఏజెన్సీ 200 బ్యాక్‌లింకులు (బయటి సైట్ల నుంచి మాకు వచ్చే లింకులు) తెస్తామని డబ్బు తీసుకుంది. అన్నింటి మీదా 'హైదరాబాద్ బెస్ట్ ప్యాకర్స్ అండ్ మూవర్స్' అనే ఉంది. రెండు నెలలు ర్యాంకు పెరిగి, ఆ తర్వాత పాతదానికన్నా కిందికి పోయింది. ఇలాంటి మాట ఎంత శాతం ఉంటే సురక్షితం?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అలాంటి శాతమేదీ గూగుల్ ఎప్పుడూ ప్రకటించలేదు. ఐదు శాతం, పది శాతం అని చెప్పేవాళ్లు తమ ఊహ చెబుతున్నారంతే. చూడాల్సింది శాతం కాదు, ఆ మాటలు ఎవరు రాశారన్నది. మీ గురించి 200 మంది విడివిడిగా రాసి ఉంటే కొందరు కంపెనీ పేరు రాస్తారు, కొందరు చిరునామాను అలాగే అతికిస్తారు, కొందరు 'వీళ్ల సైట్లో' అంటారు, ఒకరిద్దరు పేరు తప్పు కూడా రాస్తారు. 'బెస్ట్' అన్న మాటతో సహా 200 మందీ ఒకే వాక్యం రాయడం లోకంలో జరగదు. దాన్ని పట్టుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

లింకు మాటలతో ఫలితాలను ఆడించడం పాత విద్యే. 2003లో అమెరికాలో చాలామంది కూడబలుక్కుని 'ఘోర వైఫల్యం' అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాటతో అధ్యక్షుడు జార్జ్ బుష్ జీవిత విశేషాల పేజీకి లింకులిచ్చారు. ఆ పేజీలో ఆ మాటే లేకపోయినా, దాని కోసం వెతికితే మొదట వచ్చేది అదే. 2007 జనవరిలో గూగుల్ దానికి అడ్డుకట్ట వేసింది. 2011 ఫిబ్రవరిలో జేసీ పెనీ అనే అమెరికన్ దుకాణాల సంస్థ సంగతి న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. సంబంధంలేని సైట్ల నుంచి దుస్తుల పేర్లతో ఆ సంస్థకు గుట్టలుగా లింకులున్నాయి. గూగుల్ చర్య తీసుకున్నాక, ఒక రకం ప్రయాణపు పెట్టెల వెతుకులాటలో మొదటి స్థానంలో ఉన్న ఆ సైటు రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ అనే అప్‌డేట్ వచ్చి ఈ పనిని కంప్యూటర్‌కే అప్పగించింది. 2016 సెప్టెంబరు నుంచి పెంగ్విన్ గూగుల్ మూల వ్యవస్థలో భాగం. ఇప్పుడు అది చాలావరకు సైటును శిక్షించదు, అలాంటి లింకుల విలువను సున్నా చేస్తుంది. మీకు జరిగింది బహుశా ఇదే. ఆ లింకులతో వచ్చినదంతా అవి చెల్లకపోగానే పోయింది.

చేయాల్సింది ఇదీ. ముందు సెర్చ్ కన్సోల్‌లో 'మాన్యువల్ యాక్షన్స్' తెరవండి. గూగుల్ మనుషులు చూసి మీ సైటు మీద చర్య తీసుకుంటే అక్కడ కనిపిస్తుంది. అక్కడ ఏమీ లేకపోతే ఇంకో ఏజెన్సీకి డబ్బు పోసి 'లింకుల ప్రక్షాళన' చేయించకండి. ఆ సొమ్ముతో నాలుగు పనికొచ్చే పేజీలు రాయించుకోవచ్చు. అసహజ లింకులున్నాయని నోటీసు ఉంటే మాత్రం ఆలస్యం వద్దు. 'లింక్స్' రిపోర్టు నుంచి బయటి లింకుల జాబితా దించుకోండి. ఏజెన్సీ చేతే వీలైనన్ని తీయించండి. ఎవరికి రాశారు, ఎప్పుడు రాశారు, ఏం జవాబొచ్చింది అన్నది దాచి ఉంచండి. ఆ చర్య ఎత్తేయమని గూగుల్‌ను పునఃపరిశీలన కోరేటప్పుడు అది పనికొస్తుంది.

తీయించలేనివి మిగిలితే, ఆ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే డిజవౌ ఫైలు పంపాలి. ఇది మామూలు టెక్స్ట్ ఫైలు. వరుసకు ఒక చిరునామా, లేదా సైటు మొత్తాన్ని వదులుకోవాలంటే 'డొమైన్' అని ఇంగ్లీషులో రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా సైటు పేరు. లక్ష వరసలు, 2 ఎంబీ దాకా పడుతుంది. ఇక్కడ జనం రెండుచోట్ల బోల్తా పడతారు. ఈ సాధనం సెర్చ్ కన్సోల్ మెనూలో కనిపించదు, దాని పేజీ విడిగా ఉంటుంది. పైగా సెర్చ్ కన్సోల్‌లో మీ సైటును 'డొమైన్' పద్ధతిలో నమోదు చేసి ఉంటే పనిచేయదు, 'యూఆర్ఎల్ ప్రిఫిక్స్' పద్ధతిలో మళ్లీ చేర్చాలి. రెండో చిక్కు: కొత్త ఫైలు పెడితే పాతది తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి పాత వరసలన్నీ కొత్తదాంట్లో కూడా ఉండాలి.

ఇకముందు ఎవరైనా తమ సైట్లో మీ గురించి రాస్తామంటే రాయనివ్వండి, లింకు మీద ఏం రాయాలో చెప్పకండి. మాటలను ఎంచుకునే హక్కు మీ సొంత పేజీల్లోనే ఉంది. అక్కడ 'గచ్చిబౌలి నుంచి బెంగళూరుకు ఇల్లు మార్చే ఖర్చు' అని సూటిగా రాసుకున్నా ఎవరూ అడగరు.

ప్రశ్న: వ్యవసాయ సలహాల సైటు నడుపుతున్నాను. వేరుశనగ అంటారు, వేరుసెనగ అంటారు, తెలంగాణ రైతులు పల్లీ అంటారు. లింకుల్లో ఏది వాడాలి? 'వేరుశనగలో' అని విభక్తి చేరితే గూగుల్‌కు అందదా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పేజీ శీర్షికకు ఒక రూపం ఖాయం చేసుకోండి. ఏది ఖాయం చేయాలో సెర్చ్ కన్సోలే చెబుతుంది. 'పెర్ఫార్మెన్స్'లో క్వెరీల (జనం వెతికిన మాటల) వడపోత పెట్టి 'శనగ', 'సెనగ', 'పల్లీ' అని ఒక్కొక్కటే వెతికి, ఏ మాటకు ఎక్కువసార్లు మీ సైటు కనిపించిందో చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి వెతికేవాళ్ల వరసలు కూడా అందులోనే దొరుకుతాయి, వాటినీ లెక్కలో వేసుకోండి. మిగతా రూపాలు పేజీ మొదటి పేరాలో ఒక్కసారి వస్తే చాలు. లింకుల్లో మాత్రం సందర్భాన్ని బట్టి మారనివ్వండి. నిజామాబాద్ మార్కెట్ ధరల వ్యాసంలో 'పల్లీ సాగు' అని, కదిరి రైతులకు రాసిన వ్యాసంలో 'వేరుశనగ సాగు' అని ఒకే పేజీకి లింకిస్తే తప్పు లేదు. చదివేవాళ్లకు అదే సహజం.

విభక్తి గురించి భయపడి వాక్యాన్ని వికారం చేయకండి. 'వేరుశనగ టిక్కా తెగులు నివారణ గురించి చదవండి' అని కుక్కడం కన్నా 'వేరుశనగలో టిక్కా తెగులుకు ఏ మందు కొట్టాలో' అన్న మాటల మీద లింకు బాగుంటుంది. శీర్షికలోనూ, ఒకటి రెండు లింకుల్లోనూ మూలరూపం ఎలాగూ ఉంటుంది.

చూసుకోవాల్సింది వేరే ఉంది. లింకు గీత ఎక్కడ ఆగుతోంది? చాలామంది 'వేరుశనగ' వరకే సెలెక్ట్ చేసి లింకిస్తారు, 'లో' బయట ఉండిపోతుంది. ఒకే మాట సగం నీలంగా, సగం నల్లగా కనిపిస్తుంది. ప్రత్యయంతో సహా మాట మొత్తాన్ని లింకులోకి తీసుకోండి. ఇంకా ఘోరం, హెచ్‌టీఎంఎల్‌లో చేత్తో దిద్దేటప్పుడు ట్యాగు హల్లుకూ గుణింతపు గుర్తుకూ మధ్య పడటం. అప్పుడు కొన్ని ఫోన్లలో ఆ గుర్తు పక్కకు జరిగి, చుక్కల సున్నా మీద వేలాడుతుంది.

ఎక్సెల్‌లో లింకు మాటల జాబితా పెట్టుకునేవాళ్లకు ఇంకో చిన్న సంగతి. 'ఖరీఫ్‌లో' అని రాస్తే ఫకారపు పొల్లుకూ 'లో'కూ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. రెండూ అతుక్కుని ఒత్తుగా మారకుండా కీబోర్డు దాన్ని చేరుస్తుంది. అది లేకుండా టైపు చేస్తే 'ఖరీఫ్లో' అవుతుంది. మనకు రెండూ ఒకే మాట, ఎక్సెల్‌కు రెండు వేర్వేరు మాటలు కావచ్చు. వెతికి మార్చే పని పెట్టుకుంటే రెండు రూపాలనూ విడివిడిగా వెతకండి.

ప్రశ్న: మా వర్డ్‌ప్రెస్ సైట్లో చిరునామాలు తెలుగులో ఉన్నాయి. ఎవరైనా లింకు కాపీ చేసి అతికిస్తే గజం పొడుగున శాతం గుర్తులూ అంకెలూ వస్తున్నాయి. కొన్నింటిలో శీర్షిక చివరి మాటే ఎగిరిపోయింది. ర్యాంకు దెబ్బతింటుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తెలుగు చిరునామా తప్పు కాదు. పాఠకుల భాషలోనే చిరునామా ఉండొచ్చని గూగుల్ సూచనలే చెబుతున్నాయి. ఇబ్బంది పొడుగుతోనే. తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు – వీటిలో ఏదైనా కంప్యూటర్ నిల్వలో మూడు బైట్లు. చిరునామాగా మారినప్పుడు ఒక్కో బైటుకు మూడు గుర్తుల చొప్పున తొమ్మిది గుర్తులవుతాయి. వర్డ్‌ప్రెస్ ఒక్కో పోస్టు పేరుకు 200 గుర్తుల చోటే ఇస్తుంది. 'వేరుశనగలో టిక్కా తెగులు నివారణ' అన్న శీర్షికే చూడండి. మొదటి మూడు మాటల్లో అక్షరాలు, గుర్తులు కలిపి 21. తొమ్మిదితో గుణిస్తే 189, వాటి తర్వాతి మూడు అడ్డగీతలతో 192. ఇంకో అక్షరం చేరితే 201. అందుకే 'నివారణ' మొత్తం ఎగిరిపోతుంది. తర్వాత 'వేరుశనగలో టిక్కా తెగులు లక్షణాలు' అని ఇంకో పోస్టు రాస్తే దానికీ అదే చిరునామా వచ్చి, చివర 2 తగులుతుంది.

రాసేటప్పుడే పోస్టు చిరునామాను చేత్తో కురచ చేయండి. రెండు మూడు తెలుగు మాటలు గానీ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పలుకులు గానీ చాలు. బయట ఎవరైనా మీ చిరునామాను అలాగే అతికించినప్పుడు యాంకర్ టెక్స్ట్ కూడా అదే అవుతుంది. ఇంగ్లీషు అక్షరాల చిరునామా అయితే కనీసం మనిషి చదవగలడు. పాత పోస్టుల చిరునామా మారిస్తే వర్డ్‌ప్రెస్ పాతదాన్నుంచి కొత్తదానికి తనంతట తానే దారి మళ్లిస్తుంది. పోస్టులు కాకుండా 'పేజీలు'గా చేసినవాటికి ఆ సౌకర్యం లేదు, పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వతంగా పంపే 301 మళ్లింపు మీరే పెట్టాలి. అయినా బాగా నడుస్తున్న పాత పోస్టులను అందం కోసం కదపకండి.

ప్రశ్న: మా హోంపేజీలో అన్నీ బొమ్మల బటన్లే. వాటికి యాంకర్ టెక్స్ట్ ఎక్కడ రాయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బొమ్మకు లింకు ఇస్తే దాని 'ఆల్ట్' వివరణనే, అంటే బొమ్మ కనబడనప్పుడు దాని బదులు వచ్చే మాటలనే, గూగుల్ లింకు మాటగా తీసుకుంటుంది. 'బ్యానర్ 3' అని కాకుండా 'మంగళగిరి నూలు చీరలు' అని రాయండి. అవి నిజంగా లింకులేనా అన్నది కూడా చూసుకోండి. బటన్ మీద రైట్ క్లిక్ చేసినప్పుడు 'కొత్త ట్యాబ్‌లో తెరువు' అన్న వరస రాకపోతే, అది జావాస్క్రిప్ట్‌తో నడిచే బటన్ కావచ్చు. హెచ్‌టీఎంఎల్‌లో లింకుకు వాడే 'a' ట్యాగు, దానిలో చిరునామా ఉండే హెచ్‌రెఫ్ (href) లేకపోతే గూగుల్ దాని వెంట వెళ్తుందన్న భరోసా లేదు. డెవలపర్‌కు ఈ ఒక్క ముక్క చెబితే అర్థమవుతుంది.

ప్రశ్న: అమెరికాలో ఉంటూ తెలుగులో వంటలు, పండగల బ్లాగు రాస్తాను. ఇండియా నుంచి చీరల దుకాణాలవాళ్లు డబ్బిచ్చి, తాము చెప్పిన మాట మీద తమకు లింకు పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ప్రకటనగా పెట్టుకోవచ్చు. ఆ లింకు ట్యాగులో రెల్ (rel) అనే చోట 'స్పాన్సర్డ్' అని ఉండాలి. ఈ లింకుకు పరపతి ఇవ్వడం లేదని గూగుల్‌కు చెప్పే 'నోఫాలో' 2005లో వచ్చింది, 2019 సెప్టెంబరులో దానికి తోడుగా డబ్బు తీసుకున్న లింకులకు 'స్పాన్సర్డ్', పాఠకులు రాసే వ్యాఖ్యల్లోని లింకులకు 'యూజీసీ' వచ్చాయి. ఇవి లేకుండా డబ్బు తీసుకుని లింకిస్తే దెబ్బ దుకాణానికే కాదు, మీ బ్లాగుకూ తగులుతుంది. 'మీ సైటు నుంచి అసహజ లింకులు' అన్న నోటీసు విడిగా ఉంది. స్పాన్సర్డ్ పెడితే డబ్బివ్వం అన్నారంటే వాళ్లు కొంటున్నది ప్రకటన కాదు, మీ సైటు పరపతి. అలాంటివాళ్లకు మర్యాదగా కుదరదని చెప్పండి.

ప్రశ్న: మా హోంపేజీలో పది వ్యాసాల కింద పదిసార్లు 'ఇంకా చదవండి' వస్తుంది. అది కూడా తప్పేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పైన శీర్షికకు కూడా లింకు ఉంటే సెర్చ్ విషయంలో పెద్ద నష్టం లేదు. నష్టం చూపులేని పాఠకులకు. తెర మీది మాటలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌లో ఇన్సర్ట్, ఎఫ్7 నొక్కితే పేజీలోని లింకులన్నీ జాబితాగా వస్తాయి. మీ పేజీలో వాళ్లకు వినిపించేది పదిసార్లు 'ఇంకా చదవండి'. అది ఉచిత ప్రోగ్రామే, దించుకుని ఒకసారి మీ సైటు మీద నడిపి చూడండి. చక్కని లింకు మాటలకు అంతకన్నా మంచి పరీక్ష లేదు. ఆ వరసను థీమ్‌లోంచి తీసేయడం తేలిక, లేకపోతే దాని పక్కన వ్యాసం పేరు చేర్చండి.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపుల్లో మా వ్యాసాల లింకులు వందలమంది పంచుకుంటారు. అవి లెక్కలోకి వస్తాయా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రావు. ఆ సందేశాలు గూగుల్‌కు కనిపించవు. పాఠకులు వస్తారు, అదీ మంచిదే.

ప్రశ్న: లింకు మాటలన్నీ మార్చి మూడు వారాలైంది. అమ్మకం పేజీని సెర్చ్ కన్సోల్‌లో రోజూ ఇండెక్సింగ్‌కు పంపుతున్నాను. మార్పేమీ లేదు, ఎందుకు?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పంపాల్సిన పేజీ అది కాదు. మీరు మార్చింది వ్యాసాలను, అమ్మకం పేజీలో ఒక్క అక్షరం కూడా మారలేదు. లింకు ఉన్న వ్యాసాన్ని గూగుల్ మళ్లీ చదివాకే కొత్త మాట లెక్కలోకి వస్తుంది. 'యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్'లో ఒక్కో వ్యాసం చిరునామా పెట్టి, చివరిసారి ఎప్పుడు చదివిందో చూడండి. ఆ తేదీ మీరు దిద్దిన రోజుకన్నా ముందుంటే ఆ వ్యాసాన్నే ఇండెక్సింగ్‌కు కోరండి, ఒకసారి చాలు. ఒకే చిరునామాను రోజూ పంపినా వరసలో ముందుకు జరగదు. పాత, ఎవరూ చదవని వ్యాసాల దగ్గరకు గూగుల్ నెలల తరబడి రాకపోవచ్చు. వాటికి హోంపేజీ నుంచో, బాగా చదివే వ్యాసం నుంచో ఒక లింకు ఇవ్వండి.